త్యాజ్యమేది? షాంపూ, శౌచం, త్యాగం: ఒక చారిత్రక పరిశీలన

పరకాలలో ‘త్యాగం’ అనే పదాన్ని తేలికగా ఉచ్చరించడం కష్టం. 1947 ఆగస్టు 15న భారతదేశం స్వతంత్రమైనప్పటికీ హైదరాబాదు సంస్థానం నిజాం ఏలుబడిలోనే మిగిలిపోయిన రోజులవి. ఆ సెప్టెంబరు 2వ తేదీన జాతీయ పతాకాన్ని ఎగురవేయాలనే సంకల్పంతో ఈ ఊరికి తరలివచ్చిన ప్రజలపై నిజాం పోలీసులు, రజాకార్లు కాల్పులు జరిపారు. 22 మంది నేలకొరిగారు. వారి స్మృత్యర్థం నిర్మితమైన అమరధామం నేటికీ ఊరిలో నిలిచి ఉంది. దేహాన్నే ఆహుతి చేసినవారి స్మారకం ఎదుట నిలిచి, స్నానాల గదిలోని ఒక సీసాను పక్కన పెట్టడాన్ని కూడా అదే పదంతో పిలవడం ఉచితమేనా?

ఈ ప్రశ్నకు నేడు కొంత అవసరం ఏర్పడింది. షాంపూ, సుగంధ సబ్బు, టూత్ పేస్టు, ముఖలేపనం వంటి అంగడి సామగ్రిని విడిచిపెట్టి కుంకుడుకాయకు, నలుగుపిండికి, వేపపుల్లకు మరలుతున్న సాధకులు పలుచోట్ల కనిపిస్తున్నారు. కొందరు దీనిని వైరాగ్యమంటారు, కొందరు ఆరోగ్యమంటారు, మరికొందరు స్వదేశీ అంటారు. ఇది చాదస్తమని కొట్టిపారవేసేవారూ ఉన్నారు. చర్య ఒక్కటే, హేతువులు నాలుగు. సనాతన ధర్మశాస్త్రాలు చర్యను కాక దాని వెనుకనున్న భావాన్ని తూచి విలువ కడతాయి గనుక, ఈ విడిచిపెట్టడం త్యాగమో కాదో తేలాలంటే ముందుగా విడిచిపెడుతున్న వస్తువు ఎక్కడినుంచి వచ్చిందో, దాని స్థానంలో పూర్వం ఏముండేదో, పూర్వులు దేనిని ఎప్పుడు విడిచిపెట్టారో పరిశీలించాలి.

చేతి పని సీసాలోకి చేరిన వైనం

‘షాంపూ’ విదేశీ పదమని సామాన్యంగా భావిస్తారు. నిజానికి అది ఈ దేశంలోనే పుట్టింది. ఒత్తడం, మర్దించడం అనే అర్థమున్న ‘చాంప్నా’ అనే హిందీ ధాతువునుంచి ‘చాంపో’ అనే రూపం, దానినుంచి ఆంగ్ల పదం ఏర్పడ్డాయి. 18వ శతాబ్దిలో ఈ పదం ఆంగ్ల గ్రంథాలలోకి ప్రవేశించినప్పుడు దాని అర్థం తల కడుక్కోవడం కాదు. భారతదేశంలో తైలంతో అవయవాలను మర్దించే పద్ధతికి అది పేరు. అనగా సంస్కృతంలో అభ్యంగం, సంవాహనం అని వ్యవహరించే క్రియలకు అది సమీపార్థకం.

ఆ పద్ధతిని ఇంగ్లండులో ప్రసిద్ధం చేసినవాడు 1759లో పాట్నాలో జన్మించిన షేక్ దీన్ మహమ్మద్. ఈస్టిండియా కంపెనీ సైన్యంతో తిరిగి, ఐర్లండులో స్థిరపడి, అనంతరం లండనులో భోజనశాల నడిపి నష్టపోయిన ఆయన 1814లో బ్రైటన్ సముద్రతీర నగరానికి చేరాడు. అక్కడ ఓషధీయుక్తమైన ఆవిరిస్నానంతో, అంగమర్దనతో చికిత్స చేసే స్నానశాలను నడిపాడు. 1822లో ఆ చికిత్సను గురించి గ్రంథం ప్రకటించాడు. నాలుగవ జార్జి, నాలుగవ విలియం రాజులకు మర్దన వైద్యుడిగా నియుక్తుడయ్యాడు. అప్పటికి షాంపూ అంటే ఒకరి చేయి మరొకరి దేహానికి చేసే సేవ.

19వ శతాబ్ది గడిచేకొద్దీ ఆ పదం దేహంనుంచి తలకు, మర్దననుంచి కడగడానికి, చివరకు కడిగే ద్రవ్యానికి జారిపోయింది. 1903లో బెర్లినులో హాన్స్ ష్వార్జ్‌కోఫ్ అనే ఔషధ వ్యాపారి నీటిలో కలుపుకొనే చూర్ణరూప షాంపూను విక్రయించాడు. 1927లో ఆయన సంస్థే ద్రవరూప షాంపూను తెచ్చింది. 1930ల దశకంలో అమెరికాలో సబ్బుకు బదులు కృత్రిమ క్షాళక రసాయనాలతో చేసిన షాంపూలు వెలువడ్డాయి. సాధారణ సబ్బు కఠినజలంలోని ఖనిజ లవణాలతో కలిసి జుట్టుకు తెట్టులా అంటుకుంటుంది. కొత్త రసాయనాలకు ఆ దోషం లేదు. అందువల్లనే అవి శీఘ్రంగా వ్యాపించాయి.

భారతదేశంలో ఆ ద్రవ్యం చాలాకాలం నగరవాసులైన సంపన్నులకే పరిమితమై ఉండేది. దానిని పల్లెకు చేర్చినది చిన్న పొట్లం. తమిళనాడులోని కడలూరుకు చెందిన చిన్ని కృష్ణన్ ద్రవాలను చిన్న ప్లాస్టిక్ పొట్లాలలో నింపి అమ్మే విధానానికి ఆద్యులలో ఒకరు. ఆయన కుమారుడు సి.కె. రంగనాథన్ 1983లో ‘చిక్’ షాంపూతో సొంత సంస్థ ప్రారంభించారు. సీసా కొనలేని కూలి కుటుంబం కూడా రూపాయికో, అర్ధరూపాయికో ఒకసారి తలస్నానానికి సరిపడే షాంపూ కొనగలిగింది. కిరాణా దుకాణం ముందు తోరణంలా వేలాడే షాంపూ ప్యాకెట్లు తెలుగు పల్లెల దృశ్యంలో భాగమయ్యాయి. మర్దన అనే క్రియగా సముద్రాలు దాటిపోయిన పదం రెండు శతాబ్దాల అనంతరం వస్తువుగా స్వదేశానికి మరలివచ్చింది. ఈ ప్రయాణంలో లుప్తమైనది మర్దించే చేయి.

దినచర్య, గృహస్థుని స్నానం

ఆయుర్వేదంలో దేహపోషణ దినచర్యలో అంతర్భాగం. చరక సంహిత సూత్రస్థానం ఐదవ అధ్యాయం అంజనం, నస్యం, దంతధావనం, శిరస్తైలం, అభ్యంగం, స్నానం మున్నగు నిత్యవిధులను వాటి ప్రయోజనాలతో సహా వివరిస్తుంది. పళ్లు తోముకొనే పుల్లకు కానుగ, జిల్లేడు, మద్ది వంటి వృక్షాలను పేర్కొంటుంది. అదే స్థానం ఎనిమిదవ అధ్యాయంలోని సద్వృత్త ప్రకరణం పక్షానికి మూడుమార్లు కేశశ్మశ్రు నఖాలను కత్తిరించుకోవాలని నియమిస్తుంది. వాగ్భటుని అష్టాంగహృదయం రెండవ అధ్యాయం అభ్యంగాన్ని నిత్యం ఆచరించమంటూ, శిరస్సుకు, చెవులకు, పాదాలకు విశేషంగా తైలం పట్టించమంటుంది. ఉష్ణోదకం అధోకాయానికి బలమిచ్చినా, తలమీద పోసుకుంటే కేశాలకు, నేత్రాలకు హాని కలిగిస్తుందని హెచ్చరిస్తుంది. తైలాన్ని తొలగించే పిండినలుగుకు ఉద్వర్తనమని పేరు. అది కఫాన్ని, మేదస్సును తగ్గిస్తుందని ఆ గ్రంథం చెబుతుంది.

ఈ శాస్త్రవిధి తెలుగు ఇళ్లలో తనదైన రూపం దాల్చింది. నువ్వులనూనె తలకు అంటి, పెసరపిండి, పసుపు, బావంచాలు, కచ్చూరాలు కలిపిన సున్నిపిండితో ఒళ్లు రుద్ది, కుంకుడు రసంతోనో సీకాయతోనో తలంటి పోసేవారు. జుట్టు మృదువుగా ఉండేందుకు మందారాకు నూరి కలిపేవారు. కుంకుడుకాయ పైతొక్కలో సేపోనిన్లనే నురుగునిచ్చే సహజ పదార్థాలు ఉంటాయి. గింజ తీసి వేడినీటిలో నానబెట్టి పిసికితే అవి నీటిలోకి దిగుతాయి. కంసాలులు నగలు మెరుగుపెట్టడానికి, గృహిణులు పట్టుచీరలు ఉతకడానికి సైతం ఆ రసాన్నే వాడేవారు. అది కంటిలో పడితే భగ్గున మండుతుంది. తలంటు రోజున పిల్లలు పెట్టే గోల, అమ్మమ్మ తలకు అంటుతూ కళ్లు మూసుకొమ్మని చేసే హెచ్చరిక ప్రతి తెలుగింటి జ్ఞాపకం.

ఈ వస్తువులకు అరణ్యమే మూలం. పరకాలనుంచి భూపాలపల్లి మీదుగా కాళేశ్వరం దాకా సాగే మార్గానికి తూర్పున ములుగు, ఏటూరునాగారం అడవులున్నాయి. ఆంధ్ర తెలంగాణ అడవులలో గిరిజనులు సేకరించే చిల్లర అటవీ ఫలసాయంలో కుంకుడుకాయ, సీకాయ చిరకాలంగా ఉన్నాయి. దళారుల దోపిడీనుంచి గిరిజనులను కాపాడేందుకు 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కొనుగోలు చేసే సరకుల పట్టికలో అవి కూడా చేరాయి. ఒక ఇంటివారు కుంకుడుకాయను మాని షాంపూ ప్యాకెట్టుకు మరలినప్పుడు స్నానాల గదిలో ఒక వస్తువు మారినట్లే కనిపిస్తుంది. అడవి అంచున ఒక గంపకు గిరాకీ తగ్గిన సంగతి కనిపించదు.

గృహస్థుని అభ్యంగానికి కాలనియమం ఉండేది. ఫలానా తిథులలో తైలాభ్యంగం వర్జ్యమని, ఫలానా పర్వాలలో విధిగా చేయాలని ధర్మశాస్త్ర నిబంధనలు చెబుతాయి. ఉగాదినాడు, భోగినాడు, నరక చతుర్దశినాడు అభ్యంగస్నానం చేయనివాడు పండుగ చేసుకున్నవాడు కాడు. నరక చతుర్దశినాడు తైలంలో లక్ష్మి, జలంలో గంగ సన్నిహితులై ఉంటారని విశ్వాసం. ఆనాడు స్నానమధ్యంలో ఉత్తరేణి కొమ్మను తలచుట్టూ తిప్పడం ఆచారం. ఉత్తరేణికి సంస్కృతంలో అపామార్గమని పేరు. తుడిచివేసేదని దాని అర్థం. వినాయకుని పూజాపత్రిలోనూ అది ఉంది. ఆ వినాయకుడే పార్వతీదేవి ఒంటి నలుగునుంచి ఉద్భవించాడని శివపురాణ కథ. స్నానద్రవ్యమే దైవమూర్తిగా రూపొందిన కథను ఏటా భాద్రపదంలో చదువుకొనే జాతికి నలుగుపిండి అల్పవస్తువు కాజాలదు.

విడిచిపెట్టడమూ ప్రాచీనమే

ఇంత విస్తారంగా అంగసంస్కారాన్ని విధించిన సంప్రదాయమే దానిని విడిచిపెట్టడాన్ని కూడా విధించింది. అయితే అది ఆశ్రమాన్ని, దీక్షను అనుసరించి ఉంటుంది. మనుస్మృతి రెండవ అధ్యాయం బ్రహ్మచారికి గంధమాల్యాలను, అభ్యంగాన్ని, కాటుకను, పాదరక్షలను, ఛత్రాన్ని నిషేధిస్తుంది. భాగవతం సప్తమ స్కంధంలో బ్రహ్మచారికి సరిగ్గా ఇటువంటి నియమమే కనిపిస్తుంది. ఏకాదశ స్కంధంలో శ్రీకృష్ణుడు ఉద్ధవునికి వానప్రస్థ ధర్మం ఉపదేశిస్తూ, కేశరోమ నఖాలను, దేహమలాన్ని తొలగించుకొనే ప్రయత్నం చేయరాదని, దంతధావనం సైతం అక్కరలేదని, అయితే మూడుపూటలా నీటిలో మునగాలని నిర్దేశిస్తాడు. ఇక్కడ సూక్ష్మమైన వివేచన ఉంది. వానప్రస్థుడు విడిచినది అలంకారాన్ని. స్నానాన్ని విడువలేదు, పైగా రోజుకు మూడింతలు చేశాడు.

ఈ త్యాగం పరాకాష్ఠకు చేరినది జైనంలో. దిగంబర మునుల 28 మూలగుణాలలో అస్నానం, అదంతధావనం కూడా ఉన్నాయి. జలంలోని సూక్ష్మజీవుల హింసను పరిహరించడం, దేహాభిమానాన్ని క్షయింపజేయడం వాటి ఉద్దేశాలు. పరకాల ప్రాంతానికి ఇది పరాయి విషయం కాదు. హనుమకొండలోని పద్మాక్షి గుట్టపై కాకతి రెండవ ప్రోలుని కాలంలో, 1117లో, మంత్రి బేతన భార్య మైలమ జైన బసదిని నిర్మింపజేసినట్లు శాసనం ఉంది. ఆ గుట్టమీద నేడు పద్మాక్షీదేవి పసుపు కుంకుమలతో పూజలందుకుంటోంది. స్నానాన్నే వర్జించిన మునుల స్థానంలో పసుపు కుంకుమల దేవత కొలువై ఉండడం ఓరుగల్లు సీమ చరిత్రలో రెండు మార్గాలకూ చోటున్నదనడానికి ప్రత్యక్ష సాక్ష్యం.

భక్తిమార్గంలో ఈ వర్జనం వ్రతరూపం దాల్చింది. ధనుర్మాసంలో తెలుగునాట వైష్ణవాలయాలన్నిటా పఠించే తిరుప్పావై రెండవ పాశురంలో గోదాదేవి, ఆమె సఖులు వ్రతనియమాలను ప్రకటిస్తారు. నేతిని, పాలను ఆరగించరు, కంటికి కాటుక పెట్టరు, కొప్పులో పూలు ముడువరు. తెల్లవారుజామున స్నానం మాత్రం చేస్తారు. ఇరవై ఏడవ పాశురానికి వచ్చేసరికి స్వామి అనుగ్రహించాడు గనుక ఆభరణాలు ధరిస్తామని, మోచేతివెంట నేయి కారేలా అందరూ కూడి భుజిస్తామని అంటారు. విడిచినదానిపై వారికి ద్వేషం లేదు. స్వామి లేని అలంకారం వద్దనుకున్నారు, స్వామితో కూడిన అలంకారాన్ని ఆనందంగా స్వీకరించారు.

నేటి తెలంగాణ పల్లెలలో ఈ భావం అయ్యప్ప దీక్షలో సజీవంగా ఉంది. 41 దినాల మండల దీక్షలో స్వాములు గడ్డం గీయించుకోరు, పాదరక్షలు ధరించరు, రెండుపూటలా చన్నీటి స్నానం చేస్తారు. మిగిలిన కాలమంతా అద్దం ముందు గడిపే యువకుడు ఆ 41 దినాలు అద్దాన్ని మరచిపోతాడు. ఎవరూ అతనికి రసాయనాల హానిని బోధించలేదు. మెడలో మాల పడిన క్షణంలో దేహం అతనిది కాక స్వామిది అయింది.

1947లో ఒక రాయి

పరకాలలో రక్తం చిందిన ఆ 1947వ సంవత్సరం ఆరంభంలోనే, దేశానికి మరో అంచున, బెంగాలులోని నవఖాలీ పల్లెలలో గాంధీజీ పాదరక్షలు లేకుండా ఊరినుంచి ఊరికి నడుస్తూ మతకల్లోలాల గాయాలను మాన్పే ప్రయత్నం చేస్తున్నారు. ఆయన స్నానానికి సబ్బు వాడేవారు కాదు. మీరాబెహన్ ఇచ్చిన ఒక గరుకు రాతితో పాదాలు రుద్దుకొనేవారు. ఒకనాడు మనుబెహన్ ఆ రాయిని వెనకటి మజిలీలో మరచి వచ్చింది. స్వయంగా ఒంటరిగా వెనక్కి వెళ్లి వెతికి తెమ్మన్నారు గాంధీజీ. నిర్జనమైన దారిలో భయపడుతూ, రామనామం జపిస్తూ ఆ బాలిక వెళ్లి రాయిని తెచ్చిన వృత్తాంతాన్ని ఆమెయే గ్రంథస్థం చేసింది.

ఈ ఉదంతంలో అపరిగ్రహం స్వరూపం స్పష్టమవుతుంది. సబ్బు మానివేయడం దానిలో స్వల్పాంశమే. ఉన్న ఒక్క వస్తువునూ జాగ్రత్తగా కాపాడుకోవడం, పోయినదానికి బదులు మరొకటి తెప్పించుకొనే వీలున్నా ఆ మార్గాన్ని ఎంచుకోకపోవడం ప్రధానాంశాలు. వస్తువులు అనేకమైనచోట దేనిమీదా శ్రద్ధ నిలువదు. అలమరలో పదిరకాల సీసాలు ఉన్నవాడు ఒకటి పోయినా గమనించడు. గమనించకపోవడం వైరాగ్యం కాదు, అజాగ్రత్త. 1934లో గాంధీజీ ప్రేరణతో వార్ధాలో ఏర్పడి, జె.సి. కుమారప్ప కార్యదర్శిగా నడిచిన అఖిల భారత గ్రామోద్యోగ సంఘం నూనెగానుగలను, సబ్బు తయారీని గ్రామపరిశ్రమలుగా ప్రోత్సహించింది. గాంధీజీ తాను సబ్బు వాడకపోయినా సబ్బును పాపమనలేదు. దానిని పల్లె చేతులు చేయాలని కోరారు. వ్యక్తిగత నియమం వేరు, లోకానికి విధించే ధర్మం వేరు అనే భేదాన్ని ఆయన పాటించారు.

తీర్థంలో మలాపకర్షణం

శాస్త్రదృష్టిలో స్నానం ఒక్కటే కాదు. నిత్యం, నైమిత్తికం, కామ్యం, క్రియాంగం మున్నగు భేదాలతో పాటు మలాపకర్షణమని ఒక స్నానముంది. ఒంటి మురికిని పోగొట్టుకోవడమే దాని ప్రయోజనం. అభ్యంగపూర్వకమైన స్నానం ఆ కోవకు చెందుతుంది. అది ఇంటివద్ద చేయవలసినది. గంగాతీరంలో చేయకూడని పనులను పురాణవచనాలు పరిగణించినప్పుడు శౌచవిధి, కేశాలను, నిర్మాల్యాన్ని విసర్జించడం, మురికిని రుద్దుకోవడం, ఒళ్లు మర్దించుకోవడం మొదలైనవాటిని చేర్చాయి. మనుస్మృతి నాలుగవ అధ్యాయం నీటిలో మలమూత్రాదులను, అపవిత్ర పదార్థాలను విడువరాదని శాసిస్తుంది. ఇంటిలో శుభ్రమైన పిమ్మట నదిలో మునగాలి. నది దేహపు మురికిని వదిలించుకొనే చోటు కాదు, నమస్కరించే మూర్తి.

ఈ వివేచన విస్మృతమైన ఫలితం నేడు ప్రతి తీర్థఘట్టంలోనూ కనిపిస్తుంది. పరకాల మీదుగా భక్తులు చేరే కాళేశ్వరంలో గోదావరీ ప్రాణహితల సంగమం ఉంది. అంతర్వాహినిగా సరస్వతి కూడా కలుస్తుందనే విశ్వాసంతో 2025 మే నెలలో అక్కడ సరస్వతీ పుష్కరాలు జరిగాయి. రెండేళ్లకొకసారి మాఘమాసంలో సమ్మక్క సారలమ్మల దర్శనానికి మేడారం చేరే లక్షలాది జనం మొదట జంపన్నవాగులో మునుగుతారు. అటువంటిచోట ఒక్కొక్క భక్తుడు ఒక్కొక్క షాంపూ ప్యాకెట్టు చింపితే ఏమవుతుందో లెక్క కట్టనక్కరలేదు. ప్లాస్టిక్, అల్యూమినియం పొరలు అంటించి చేసే ఆ పొట్లాన్ని వేరుచేసి పునర్వినియోగించడం దుష్కరం. చిత్తు సామాను ఏరుకొనేవారికి సైతం దానినుంచి లాభం లేదు గనుక అది ఒడ్డుననే మిగులుతుంది. లోపలి నురుగు వాగులోకి పోతుంది. కుంకుడురసం కూడా చేపలకు హితమైనది కాదు. కనుక ద్రవ్యం ప్రకృతిసిద్ధమా, కృత్రిమమా అనే విచారణకు ముందే తీర్థజలంలో క్షాళకద్రవ్యం వాడవచ్చునా అనే ధర్మప్రశ్న ఉంది. దానికి పూర్వులు ఎప్పుడో సమాధానమిచ్చారు: వాడరాదు.

త్యాగత్రయం

ఇప్పుడు మొదటి ప్రశ్నకు రావచ్చు. భగవద్గీత అష్టాదశాధ్యాయంలో శ్రీకృష్ణుడు త్యాగాన్ని మూడు విధాలుగా విభజించాడు. నియతకర్మను మోహంచేత విడువడం తామసం. కష్టమనో, దేహానికి క్లేశమనో భయపడి విడువడం రాజసం. చేయవలసినదని చేస్తూ సంగాన్ని, ఫలాపేక్షను విడువడం సాత్త్వికం. శౌచం నియతకర్మ. పతంజలి నియమాలలో దానిదే ప్రథమస్థానం. కాబట్టి శౌచం ఎన్నటికీ త్యాజ్యం కాదు. దానికి వాడే సాధనం మాత్రమే మార్చదగినది.

సబ్బు కృత్రిమమని నెపం పెట్టి చేతులు కడుక్కోవడమే మానివేసేవాడు తామసత్యాగి. స్మృతులు మట్టితోను నీటితోను ఇన్నిమార్లు చేతులు కడుగుకోవాలని సంఖ్య చెప్పి మరీ విధించాయి. ఆనాటి మట్టి చేసిన పనిని నేడు సబ్బు మరింత నిరపాయంగా చేస్తుంది. 2020లో మహమ్మారి ప్రపంచాన్ని చుట్టుముట్టినప్పుడు సామాన్యుడి చేతిలోని మొదటి రక్షణ సబ్బునీరే. బాలింత ఉన్న ఇంట, రోగి ఉన్న ఇంట, వంట చేసే చేతికి సబ్బు నిషేధించడం ధర్మం కాదు, ధర్మం పేరిట ప్రమాదం. పూర్వాచారమని పేరు పెట్టినంత మాత్రాన మాలిన్యం పవిత్రం కాదు. చర్మరోగం ఉన్నవారు వైద్యుడు ఇచ్చిన ఔషధీయ షాంపూను నియమభంగమని మానడం కూడా ఈ కోవలోనిదే.

జుట్టు రాలుతుందనో, రసాయనాలు దేహాన్ని పాడుచేస్తాయనో భయంతో విడిచి, ఆ భయాన్నే అనుక్షణం మననం చేసేవానిది రాజసత్యాగం. అతడు షాంపూను విడిచాడు గాని జుట్టును గురించిన చింతను విడువలేదు. ఆ చింత ఉన్నంతకాలం అంగడి మరొక రూపంలో ఎదురొస్తుంది. కుంకుడు, సీకాయ, వేప, మందారాల బొమ్మలు ముద్రించిన ఖరీదైన సీసాలే దీనికి నిదర్శనం. విడిచిపెట్టాలనే కోరికను సైతం సరకుగా మార్చగల నేర్పు వాణిజ్యానికి ఉంది. ఈ త్యాగికి మరొక ఉచ్చు కూడా పొంచి ఉంది. అది అహంకారం. ప్యాకెట్టు షాంపూతో తల కడుక్కొనే పొరుగింటి కూలితల్లిని చూసి తాను పవిత్రుడనని భావించిన క్షణంలో అతని కుంకుడుకాయ వ్యర్థమైంది. రోజంతా నాట్లువేసి వచ్చిన ఆ తల్లికి కాయలు కొట్టి, నానబెట్టి, పిసికే తీరిక ఎక్కడిది? ఆమెకు ఆ చిన్న ప్యాకెట్టు విలాసం కాదు, మిగిలిన అరగంట.

సాత్త్వికత్యాగి శౌచాన్ని యథావిధిగా ఆచరిస్తాడు. అవసరమైనంత తీసుకుంటాడు, అవసరం తీరగానే మరచిపోతాడు. అతనికి కుంకుడు దొరికితే కుంకుడు, దొరకనినాడు సబ్బు. ఇతరుల కళ్లలో తన రూపం ఎలా భాసిస్తోందనే చింత సన్నగిల్లడమే అతని త్యాగానికి ఫలం. పతంజలి సాధనపాదం శౌచంవల్ల స్వాంగజుగుప్స, అన్యదేహాలతో అసంసర్గం కలుగుతాయంటుంది. వ్యాసభాష్యం దానిని వివరిస్తూ, మట్టితో నీటితో ఎంత కడిగినా కాయశుద్ధి కనబడనివాడు దేహస్వభావాన్ని గ్రహించి దానిపై మమకారాన్ని వదులుకుంటాడని చెబుతుంది. అనంతర సూత్రం ఆ పైన కలిగే ఫలాలను పేర్కొంటుంది: సత్త్వశుద్ధి, ప్రసన్నచిత్తం, ఏకాగ్రత, ఇంద్రియజయం, ఆత్మదర్శన యోగ్యత. యోగి ప్రతిదినం స్నానం చేస్తూ నేర్చుకొనే పాఠం ఇదే. ప్రకటనలు బోధించే పాఠం దీనికి సరిగ్గా విపరీతం. ఇంకొక్క సీసా కొంటే కాయశుద్ధి సంపూర్ణమవుతుందని అవి నమ్మిస్తాయి. యోగి కడిగి కడిగి విముక్తుడవుతాడు, వినియోగదారుడు కడిగి కడిగి బద్ధుడవుతాడు.

శాస్త్రకారులు స్నానాన్ని ఏడు విధాలుగా గణించిన సంగతి ఇక్కడ స్మరణీయం. మంత్రాలతో మాంత్రం, మృత్తికతో భౌమం, భస్మంతో ఆగ్నేయం, గోధూళితో వాయవ్యం, ఎండ కాస్తుండగా కురిసే వానతో దివ్యం, నీటిలో మునగడం వారుణం, విష్ణుచింతనం మానసం. ఏడింటిలో దేనికీ నురుగు అక్కరలేదు. రోగంతో మంచం పట్టినవాడికి, నీరు లేని బాటసారికి సైతం శుద్ధి లభించే మార్గాన్ని ఋషులు తెరిచి ఉంచారు. శుద్ధి కొనుక్కోవలసిన వస్తువు కాదని చెప్పడానికి ఇంతకంటె స్పష్టమైన మాట అక్కరలేదు.

కుంకుమేశ్వరుని సన్నిధి

పరకాలలో భవానీ సమేతుడైన కుంకుమేశ్వర స్వామి ఆలయం ఉంది. విభూతిని పూసుకొనే విరాగికి కుంకుమ నామమైంది. శ్మశానవాసికి పసుపులో సున్నపుతేట, నిమ్మరసం వంటివి చేర్చి చేసే సౌభాగ్యచిహ్నం పేరు కావడంలో, త్యాగాన్ని గురించి ఇంతవరకు చెప్పినదంతా ఇమిడి ఉంది. శివుడు అలంకారాన్ని ద్వేషించలేదు, దానికి కట్టుబడనూ లేదు. భాగవతంలో కుబ్జ కంసునికోసం తీసుకుపోతున్న అంగరాగాన్ని కృష్ణునికి సమర్పించింది. ద్రవ్యం అదే, చేరవలసినచోటు మారింది, ఆమె వంకర తీరింది. స్వామి వాడి విడిచిన మాల్యగంధ వస్త్రాభరణాలను ధరించి మాయను జయిస్తామని ఉద్ధవుడు ఏకాదశ స్కంధంలో విన్నవించాడు. విడువలేనిదానిని సమర్పించడం కూడా విడవడమే.

అమరధామం ఎదుట నిలిచినవారికి తోచిన సందేహానికి ఇప్పుడు సమాధానం లభిస్తుంది. ఒక సీసాను పక్కన పెట్టడం ఆ వీరుల త్యాగంతో సమానం కాదు, కాజాలదు. ఆ పోలిక తేవడమే అపచారం. అయితే ఆ 22 మంది ఒక్క క్షణంలో దేహాభిమానాన్ని దాటిపోయారు. సామాన్య సాధకుడు ఆ అభిమానాన్ని ప్రతి ఉదయం చెంబుడు నీటితో కొంచెంకొంచెంగా కడుగుకోవాలి. దినమొక అణువంతైనా అది కరిగితే ఆ స్నానం సార్థకం. కరగనినాడు కుంకుడైనా షాంపూయైనా భేదం లేదు.

సర్వం శ్రీ పరమేశ్వరార్పణమస్తు.